తలుపు కళ్ళు

తలుపు సగం దాకా దిగింది. అక్కడ ఆగి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

"చూశావా? పొద్దుట్నుంచీ ఇదే వరస," అన్నాడు భరత్. చేతిలో గరాజు రిమోటు, చెవిలో ఇయర్‌ఫోను, మనసు మేడ మీద తెరిచిపెట్టి వచ్చిన లాప్‌టాప్ దగ్గర. "పదకొండింటికి నాకు క్లయింట్ కాల్ ఉంది. ఆలోగా అయిపోవాలి."

వచ్చినవాడు తలుపు మెకానిక్ కుమార్. షట్టర్ల పనిలో తొమ్మిదేళ్ళు నలిగినవాడు. ఇంటివాళ్ళు చెప్పేది సగం వింటాడు, తలుపు చెప్పేది పూర్తిగా వింటాడు. పనిముట్ల సంచి కింద పెట్టి, మునివేళ్ళ మీద కూర్చుని చూశాడు.

కొండాపూర్‌లోని ఆ విల్లాల కాలనీలో అది పదిహేడో నంబరు ఇల్లు. రెండు కార్లు పక్కపక్కన పట్టేంత గరాజు, దానికి స్టీలు షట్టరు, పైన మోటారు. షట్టరుకు బయటివైపు రెండు స్తంభాలకూ, నేలనుంచి జానెడెత్తున, అగ్గిపెట్టెంత నల్ల డబ్బాలు రెండు ఎదురెదురుగా ఉన్నాయి. బిల్లు మీద వాటిని సెన్సర్లని రాస్తారు. పనివాళ్ళు కళ్ళంటారు. ఒకటి కంటికి కనపడని వెలుగు పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలోకి పిల్లి వచ్చినా, బంతి వచ్చినా, పిల్ల కాలు వచ్చినా వెలుగు తెగుతుంది. దిగుతున్న తలుపు ఆగి వెనక్కి పోతుంది.

ఇవాళ మధ్యలోకి వచ్చింది బంతిపూల దండ. దసరా సప్తమి కదా, పొద్దున్నే కట్టినట్టున్నారు. పైన అడ్డంగా తోరణం, అటూ ఇటూ చేయి లావున పూల సరాలు నేల దాకా. గాలి వీచినప్పుడల్లా కుడిపక్క సరం ఊగి కంటికి అడ్డం పడుతోంది.

"పనిమనిషి కూతురుంది," అన్నాడు భరత్. "తల్లితోపాటు వస్తుంది. రోజంతా ఇక్కడే ఆట. ఆ బాక్సుని కదిల్చేసుంటుంది." లోపలికి తిరిగి కేకేశాడు. "నీలమ్మా! రేపట్నుంచి పిల్లని తీసుకురావద్దు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

నీలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మొహం అంతకంటే పెద్దది. "నా బిడ్డ ముట్టలే సార్."

"ముట్టకుండానే చెడిపోయిందా?"

దానికి ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. తెలిసినవాడు కుమార్. ఒక్క ముక్క చాలు. 'పూలు సార్, పిల్ల కాదు.' ఆ ముక్క అతను అన్నాడు కూడా. కానీ నీలమ్మ తల వంచుకుని లోపలికి పోయాక అన్నాడు. ఇంటాయన మాట మధ్యలో అడ్డు తగలడం అలవాటు లేక ఆగాడు, ఆ ఆగడంలో మనిషి వెళ్ళిపోయింది.

"సర్లే, ఏదో ఒకటి," అన్నాడు భరత్. నీలమ్మకు వేసిన శిక్ష మాత్రం రద్దు కాలేదు.

"ఈ సరం జానెడు పైకి కడితే సరిపోతది సార్."

ఆ మాట భరత్ తల్లి ఓబులమ్మ చెవిన పడింది. పూజగది నుంచే వచ్చినట్టుంది, వేళ్ళకు కుంకుమ. "అదేం మాట నాయనా! అది గడప తాకల్ల. తాడిపత్రిలో మా అత్త కాలం నుంచీ మా ఇంట్లో అట్లే. పండగ అయిపోయేదాంకా దాన్ని కత్తిరించగూడదు, పైకి కట్టగూడదు."

గరాజుకు గడపేమిటని ఎవరూ అడగలేదు. ఆవిడ పసుపు రాసిన చోటల్లా గడపే.

"సెన్సర్ లేకుండా నడవదా?" భరత్ గడియారం చూసుకున్నాడు. "డిసేబుల్ చేసెయ్. నాలుగు రోజులేగా. పండగయ్యాక వచ్చి మళ్ళీ పెట్టేద్దువుగాని."

"పిల్లలున్న ఇల్లు కదా సార్."

"రిమోటు నా దగ్గరుంటుంది. నేను చూసుకుంటాను కదా."

కళ్ళు ఊరికే పీకేస్తే మోటారు కదలదు. దానికో ఉపాయం ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి దసరాకే షాపు యజమాని విశ్వేశ్వరరావు కుమార్‌కు అది నేర్పాడు. రెండు కళ్ళనూ స్తంభాల మీంచి విప్పాలి. వైర్లు పైకి లాగాలి. మోటారు పెట్టె మీద ఆ రెంటినీ బెత్తెడు దూరంలో ఎదురెదురుగా పెట్టి టేపు చుట్టేయాలి. ఇక అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చుంటాయి. కింద ఏం జరిగినా వాటికి పట్టదు.

నిచ్చెనెక్కి ఆ పనే చేశాడు కుమార్. టేపు మూడు చుట్లు చుట్టి, పళ్ళతో తెంపాడు. దిగబోతూ మోటారు పక్కనున్న బలం స్క్రూ చూశాడు. దేన్నైనా తాకితే తలుపు ఎంత గట్టిగా నొక్కాక ఆగాలో చెప్పేది అది. వానాకాలంలో తలుపు బిగుసుకుంటోందని ఎవరో దాన్ని చివరికంటా తిప్పేసి ఉంచారు. ఇది చెప్పాలి అనుకునేలోపు భరత్ రిమోటును తాళాల కొక్కేనికి తగిలించి మేడ మీదికి పరుగెత్తాడు. పదకొండు కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

కుమార్ తలుపు మూసి, ఫోటో తీసి, షాపు గ్రూపులో పెట్టాడు. 'జాబ్ క్లోజ్.' మళ్ళీ తలుపు తెరిచి సామాను సర్దుతుంటే వెనకాల చిన్న నవ్వులు వినపడ్డాయి. ఇద్దరు ఆడపిల్లలు. పట్టు గౌనులో ఐదేళ్ళ పిల్ల ఈ ఇంటి హన్విక. మోచేతుల దగ్గర వెలిసిపోయిన కుర్తాలో ఏడేళ్ళ పిల్ల నీలమ్మ కూతురు భవాని.

"అంకుల్, మా ఆట చూస్తారా?" అంది హన్విక. కొక్కేనికున్న రిమోటును ఒక్క ఎగురుతో అందుకుంది, నొక్కింది. తలుపు దిగడం మొదలైంది. భవాని బయటినుంచి తల వంచి లోపలికి పరుగు తీసింది.

కుమార్ చేతిలోది పారేసి ఒక్క దూకు దూకాడు. భవాని రెక్క పట్టి లాగాడు. తలుపు నేలను తాకి టక్కుమంది.

"ఏం కాదు అంకుల్," పెద్దవాడి భయం చూసి హన్వికకు నవ్వొచ్చింది. "మా తలుపుకి కళ్ళున్నాయి. మేం వస్తే చూసి ఆగుతుంది. రోజూ ఆగుతుంది."

కుమార్ పైన మోటారు పెట్టె వంక చూశాడు. అప్పుడే నిచ్చెనెక్కి టేపు విప్పేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ జేబులో ఫోను మోగుతోంది, మియాపూర్‌లో ఇంకో షట్టరు ఇరుక్కుపోయిందట. మేడ మీద భరత్ ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. కుమార్ రిమోటు తీసి పిల్లలకు అందని మేకుకు తగిలించాడు. నీలమ్మను పిలిచి, ఫోను నంబరిచ్చి, "పిల్లలను తలుపు కాడికి రానియ్యకు అక్కా," అన్నాడు.

"రేపట్నుంచి నా బిడ్డ రానే రాదు కదన్నా," అంది నీలమ్మ. కోపంగా కాదు, ఉన్నమాట చెబుతున్నట్టు అంది. అదే అతనికి ఎక్కువ తగిలింది.

మర్నాడు అష్టమి, సద్దుల బతుకమ్మ. మూసాపేటలోని కిరాయి గదిలో నేలంతా పూలే. భార్య కళ్యాణి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస పేరుస్తోంది. కుమార్‌కు ఇచ్చిన పని కాడలు సమంగా కత్తిరించడం. నాలుగు కత్తిరించి లేచాడు. కిటికీ దాకా వెళ్ళాడు. వచ్చి కూర్చున్నాడు. ఇంకో రెండు కత్తిరించి ఫోను చూశాడు. పిల్లలు తలుపు కిందికి పోకుండా చూడమని భరత్‌కు రాత్రి పంపిన మెసేజీ కింద బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చి ఉంది, అంతే.

"ఏమైందయ్యా నీకు? కూసున్న కాడ కూసుంటలేవు," అంది కళ్యాణి.

బంతిపూల బుట్ట అతని ముందుకు జరిపింది. అతను ఆ పూల వైపు చూసి, జరిగింది చెప్పాడు. చెబుతుంటే తన చెవులకే అది ఇంకాస్త ఘోరంగా వినపడింది.

"మరి పోయి ఇప్పేసి రా," అంది ఆమె, పూలు పేర్చడం ఆపకుండా.

"సార్ రమ్మనాలె కదా. పండగైనంక రమ్మన్నడు."

"పిల్లలు ఆడుకునేటప్పుడు సార్‌ను అడిగి ఆడుకుంటరా?"

అతను కత్తెర కింద పెట్టి బండి తాళాలు తీసుకున్నాడు.

కాలనీ గేటు దగ్గర కొమురయ్య ఉన్నాడు. జనగాం దిక్కు మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు, తలకంటే టోపీ పెద్దది. కుమార్ వచ్చిపోయే మనిషే కనుక గుర్తుపట్టాడు. ఫోనులోని గేటు యాప్‌లో పదిహేడో నంబరు నొక్కి, కుమార్ మొహం ఫోటో తీసి ఇంటాయన అనుమతి కోసం పంపాడు. ఇద్దరూ ఫోను వంక చూస్తూ నిలబడ్డారు.

"కొట్టేసిండు తమ్మి," అన్నాడు కొమురయ్య. ఎర్ర గుర్తు చూపించాడు.

"ఇంకోసారి పంపు కాకా."

రెండోసారీ ఎర్ర గుర్తే. కుమార్ నేరుగా భరత్‌కు ఫోను చేశాడు. నాలుగోసారికి ఎత్తాడాయన.

"దసరా తర్వాత అన్నాను కదా కుమార్. ఇంటినిండా గెస్టులున్నారు. వైఫ్ కూడా ఊళ్ళో లేదు, బెంగుళూరు వెళ్ళింది. ఇప్పుడు నువ్వొచ్చి నిచ్చెన వేస్తే అమ్మ ఊరుకోదు."

"పిల్లలు తలుపు కింద ఉరుకుతున్నరు సార్. కళ్ళున్నయ్ అనుకుంటున్నరు. ఇంక మోటారు బలం కూడా..."

"రిమోటు నా జేబులో ఉంది. ఓకేనా? హ్యాపీ దసరా."

గేటు నుంచి పదిహేడో నంబరు కనపడదు, రెండో వరసలో ఉంది. అయినా కుమార్ అక్కడే నిలబడ్డాడు. లోపల ఎక్కడో ఒక మోటారు మూలిగింది. ఆ శబ్దం అతనికి కొత్తేమీ కాదు, రోజంతా వినేదే. కానీ అది ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఇంకోటి. నలభై విల్లాలు, నలభై మోటార్లు, ఏది ఎవరిదో తెలియదు. బండి ఎక్కాడు, దిగాడు. మళ్ళీ ఎక్కాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మి," అన్నాడు కొమురయ్య. "ముసలామె ఉన్నది కదా ఇంట్ల, కనిపెట్టుకునే ఉంటది."

"ముసలామెకు తెల్వదు కాకా. ఎవ్వలకూ తెల్వదు. నాకొక్కనికే తెలుసు."

సెక్యూరిటీ సూపర్‌వైజరు వచ్చి, గేటుకు అడ్డంగా ఉన్న బండి తీయమన్నాడు. కుమార్ తీశాడు. సాయంత్రం బస్తీలో ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే అతను గోడకానుకుని చూశాడు. పాట వినపడుతోంది గానీ చెవి మాత్రం ఫోను మీదే ఉంది.

నవమి నాడు ఫోను మోగింది. అప్పటికి షాపులో ఆయుధపూజ జరుగుతోంది. ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద డ్రిల్లులు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చి, అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టారు. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు. దశమి పొద్దున హారతి ఇచ్చాకే తీయాలి. విశ్వేశ్వరరావు ఈ నియమం దగ్గర గట్టి మనిషి. తణుకు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా, నవమి నాడు ఒక్క మేకు కొట్టనివ్వలేదని గర్వంగా చెప్పుకుంటాడు.

నీలమ్మ గొంతు గుసగుసలాడింది. "అన్నా, నిన్న మాపటేల పాప కుర్చీ ఏసుకుని గోడమీది బటన్ నొక్కింది. తలుపు కింద ఉరికింది. ఆగలేదన్నా. గౌను కొస మీద దిగింది. నేను గుంజిన, గౌను చినిగింది. పాపకేం కాలే."

"సార్‌కు చెప్పినవా?"

"ఎట్ల చెప్పాలె? నువ్వేం చేస్తున్నవని నన్నే అంటడు. నా బిడ్డను ఆపిండు, రేపు నన్ను ఆపుతడు. గౌను దాచిపెట్టిన."

గోడ మీద బటన్. రిమోటు ఒకటే గుర్తుంది అందరికీ, తనతో సహా. కుమార్ ఫోను జేబులో పెట్టాడు. విశ్వేశ్వరరావు కళ్ళు మూసుకుని మంత్రం చదువుతున్నాడు. కుమార్ బల్ల దగ్గరికి నడిచి, వరసలోంచి తన స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. పిడి మీద కుంకుమ బొట్టు ఇంకా ఆరలేదు.

"ఏయ్! ఏవయ్యా, పూజలో ఉన్నవి ముట్టుకుంటావేంటయ్యా!"

"వచ్చి చెప్త సార్," అన్నాడు కుమార్. అప్పటికే బయట ఉన్నాడు.

గేటు దగ్గర ఈసారి ఫోటో తీయనివ్వలేదు. "యాప్ వద్దు కాకా. ఇంటి ఫోనుకు కొట్టు. పెద్దమ్మను పిలువు."

కొమురయ్య అటూ ఇటూ చూసి ఇంటర్‌కం ఎత్తాడు. అవతల ఓబులమ్మ. కుమార్ ఫోను అందుకుని, "అమ్మా, నేను తలుపు మెకానిక్‌ను. పిల్ల సంగతి మాట్లాడాలె," అన్నాడు.

"పిల్ల సంగతేంది నాయనా? రా, రా."

"పెద్దమ్మ రమ్మన్నంక నేనెవన్ని?" అంటూ కొమురయ్య అడ్డకర్ర ఎత్తాడు.

పదిహేడో నంబరు ముందు కొత్తకారు కడిగి నిలబెట్టి ఉంది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు. తెరిచి ఉన్న గరాజు ముందు పీట మీద బూడిదగుమ్మడికాయ, నెత్తిన కుంకుమ, కర్పూరం బిళ్ళ. పక్కన హన్విక జేజి ఓబులమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది, ఇవాళ వేరే గౌను. చుట్టాలు నలుగురు వరండాలో కుర్చీల్లో ఉన్నారు. నీలమ్మ కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో కనపడి, కుమార్‌ను చూసి అక్కడే ఆగిపోయింది. ఆమె చూపు ఒకటే మాట చెప్పింది, నా పేరు ఎత్తకు.

ఎత్తకుండా ఎలా చెప్పాలి? దారంతా అతను ఆలోచించింది అదే. చెబితే వినరని మొన్ననే తేలిపోయింది. చూపించాలి.

"అమ్మా, ఆ గుమ్మడికాయ ఒక్కసారి ఇయ్యండ్రి."

"దిష్టికి పెట్టింది నాయనా అది."

"దిష్టే అమ్మా."

ఓబులమ్మకు అర్థం కాలేదు గానీ కాదనలేదు. అతను గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి, బంతిపూల సరాల మధ్య, తలుపు దిగే గీత మీద పెట్టాడు. ఐదేళ్ళ పిల్ల తలంత ఉంది కాయ. లోపలికి వెళ్ళి గోడ మీద బటన్ నొక్కి ఇవతలికి వచ్చాడు.

తలుపు దిగింది. కాయను తాకింది. ఒక త్రుటి ఆగినట్టనిపించింది, కుమార్‌కు కూడా ఆశ పుట్టింది. మోటారు గొంతు మారింది, బరువుగా మూలిగింది. కాయ కిర్రుమంది. ఫట్టుమని చీలి, తెల్లటి గుజ్జూ గింజలూ కుంకుమతో కలిసి పసుపు గీతల మీదికి చిమ్మాయి. తలుపు ఆగలేదు. మిగిలిన ముక్కను కూడా అణిచి నేలను తాకాకే ఆగింది.

ఎవరూ కదల్లేదు. కుర్చీల్లోంచి ఒక పెద్దాయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"జేజీ," అంది హన్విక, "తలుపు చూడలేదు." చిన్నగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు అంది. "నిన్న నన్ను కూడా చూడలేదు. గౌను చిరిగిపోయింది."

ఓబులమ్మ మనవరాలి పేరు పెట్టి ఒక్క కేక వేసింది. పిల్ల పక్కనే ఉంది, కొంగు పట్టుకునే ఉంది, అయినా ఎక్కడో దూరంగా పోతున్న మనిషిని పిలిచినట్టు పిలిచి, రెండు చేతులా పొదువుకుని మెట్టు మీద కూలబడింది.

చప్పుడుకు భరత్ మేడ దిగి వచ్చాడు. తలుపును, నేలను, కుమార్‌ను చూశాడు. "నిన్నెవరు రానిచ్చారు? ఏం చేస్తున్నావిక్కడ?"

"మొన్న ఏం చేసిపోయిననో అది చూపిస్తున్న సార్."

"అంటే నువ్వే కదా! నువ్వే కదా తీసేసింది! ఇంత డేంజర్ అని తెలిసి ఎలా తీశావ్?" మనిషి భయపడ్డాడు, ఆ భయాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఎదురున్నవాడి మీద పెట్టాడు. "మీ ఓనర్‌తో మాట్లాడతాను. కెమెరాలో అంతా ఉంది. వీడియో పంపుతాను."

"పంపుండ్రి సార్. మీరు తియ్యమన్నరు, నేను తీసిన. తియ్యనని అనాల్సింది, అనలేదు. తప్పు నాదే." కుమార్ స్క్రూడ్రైవరు జేబులోంచి తీశాడు. "ఒక్కటి మాత్రం. ఆ రోజు తలుపు ఆగింది పూల వల్ల. నీలమ్మ బిడ్డ వల్ల కాదు. అప్పుడే గట్టిగ చెప్పాల్సింది."

నీలమ్మ కాఫీ పళ్ళెం గట్టు మీద పెట్టింది.

"కత్తెర తీసకరా నీలమ్మా," అంది ఓబులమ్మ. లేచి, కొంగు బిగించి, కుడిపక్క సరాన్ని పిడికిట పట్టుకుని మోకాలెత్తున కత్తిరించింది. ఎడమపక్కదీ కత్తిరించింది. "అమ్మవారు ఈ పొద్దుకు మోకాటిదాంకా వస్తే చాల్లే. మా అత్త గడపకు మోటార్లు యాడివి?" తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఆ ఫోను పక్కన పెట్టి నిచ్చెన పట్టుకో."

భరత్ పట్టుకున్నాడు. నిచ్చెన పట్టుకోవడం ఎప్పుడూ చేయని పని కాబోలు, రెండు చేతులతో మరీ గట్టిగా పట్టుకున్నాడు. కుమార్ టేపు విప్పాడు. వైర్లు దింపి, కళ్ళను స్తంభాలకు బిగించాడు. బలం స్క్రూను వెనక్కి తిప్పి, కింద దిండు పెట్టి, తలుపు మెత్తగా తాకి పైకి పోయేదాకా మళ్ళీ మళ్ళీ సరిచూశాడు. కుంకుమ అతని అరచేతికంతా అంటింది. ఓబులమ్మ చీపురుకట్ట పుల్లలు తీసుకుని కంటికి అడ్డం పెట్టి తలుపు దించమంది. ఆగింది. ఇంకోతూరి అంది. ఆగింది. ఆరోసారికి గానీ ఆవిడకు నమ్మకం కుదరలేదు.

"మళ్ళీ కళ్ళొచ్చాయా?" అంది హన్విక.

కుమార్ ఆ పిల్ల ఎత్తుకు వంగాడు. "వచ్చినయ్ బిడ్డా. కానీ వాటిని నమ్మి ఉరకద్దు. నా లెక్కటోడు ఎవడో వచ్చి మూసేస్తే నీకు తెల్వదు కదా. తలుపు కదులుతుంటే నువ్వు నిలబడాలె. సరేనా?"

ఆ బటన్‌ను పెద్దవాళ్ళ తలెత్తుకు మార్చాలని కూడా చెప్పాడు. భరత్ తల ఊపాడు. కుమార్ బండి తీస్తుంటే లోపల్నుంచి ఓబులమ్మ గొంతు వినపడింది. "రేపు బిడ్డను పిల్చకరా నీలమ్మా. పండగపూట ఒంటరిగా ఇంట్లో యాల?" భరత్ ఏమన్నాడో వినపడలేదు.

పండగ మర్నాడు కుమార్ షాపుకు తొందరగానే వెళ్ళాడు. బండి తాళాలు, షాపువాళ్ళిచ్చిన సిమ్‌కార్డు విడిగా తీసి పట్టుకున్నాడు, అడిగితే ఇచ్చేయడానికి. విశ్వేశ్వరరావు బల్ల ముందు ఫోను పెట్టుకుని భరత్ పంపిన వీడియో చూస్తున్నాడు. గుమ్మడికాయ చీలే చోట ఆపాడు. కాస్త వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"నీకీ పని నేర్పింది నేనేనని ఆయనతో చెప్పలేదేం?" అన్నాడు తల ఎత్తకుండా.

"టేపు చుట్టింది నేను కదా సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కుమార్ తాళాలు బల్ల మీద పెట్టబోయాడు. ఇంతేగా, అనుకున్నాడు. ఉద్యోగం పోతే ఇంకోటి. మూడు రోజుల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాడు, అది చాలు.

"ఆ ఇల్లొక్కటేనా?" అన్నాడు విశ్వేశ్వరరావు.

కుమార్ చేయి బల్ల మీద ఆగిపోయింది.

ఆ ఇంట్లో పిల్ల పరుగెత్తడం చూశాడు. అందుకే ఆ ఒక్క ఇల్లు మూడు రోజులు అతన్ని నిలవనివ్వలేదు. మిగతావి? దసరాలకు, గృహప్రవేశాలకు, పెళ్ళిళ్ళకు, పొడుగు కారు బంపరు అడ్డం వస్తోందని కళ్ళు తీయించి, పండగయ్యాక పిలుస్తామని చెప్పి పిలవని ఇళ్ళు. ఫోను తీశాడు. ఫోటోల్లో వెనక్కి వెళ్ళాడు. మూసిన తలుపులు, ఒకదాని తర్వాత ఒకటి, కింద 'జాబ్ క్లోజ్'. ఏది ఎలా మూశాడో అతని వేళ్ళకు గుర్తుంది. ఒక కాగితం లాక్కుని ఆ ఇళ్ళున్న చోట్లు రాశాడు. మణికొండ, నల్లగండ్ల, కొండాపూర్‌లోనే రెండు, బాచుపల్లి. ఆఖరుకు పదకొండయ్యాయి.

"పిల్లలున్న ఇళ్ళు ముందు చూడు," అన్నాడు విశ్వేశ్వరరావు.

"ఏ ఇంట్ల ఉన్నరో తెల్వదు సార్. ఎన్నడూ చూడలే."

ఆయన కాగితం తీసుకుని చదివి వెనక్కిచ్చాడు. "వెళ్ళు. పండగ సర్వీసు, ఫ్రీ అని చెప్పు. తప్పు చేశామని మాత్రం ఎక్కడా నోరు జారకు, షాపు పేరు పోతుంది. ఈ పదకొండూ అయ్యాక నీ సంగతి మాట్లాడదాం."

మొదటిది బాచుపల్లి. గేటు తీసిన ఆవిడకు కుమార్ మొహం గుర్తులేదు. "మేం కంప్లయింటేమీ ఇవ్వలేదండి," అంది.

"పండగ సర్వీసు మేడం, ఫ్రీ..." అని మొదలుపెట్టాడు.

ఆమె వెనక మెట్ల మీద చెప్పులున్నాయి. పెద్దవి రెండు జతలు, వాటి పక్కన అరచేతిలో పట్టేంత గులాబీరంగు చెప్పులు ఒక జత. ఒకటి బోర్లాపడి ఉంది. రెండేళ్ళ కిందట ఇవే మెట్ల పక్కనుంచి నిచ్చెన మోసుకుపోయాడు. అప్పుడిక్కడ ఎన్ని జతలున్నాయో గుర్తుతెచ్చుకుందామని చూశాడు. గుర్తు రాలేదు. అప్పుడు చూడలేదు, అంతే.

"కాదు మేడం," అన్నాడు. "రెండేండ్ల కింద దసరాకు మీ గరాజు తలుపుకు నేనొక తప్పు పని చేసి పోయిన. ఇప్పుడది సరిచెయ్యనీకి వచ్చిన. అయ్యేదాంక పాపను తలుపు కాడికి రానియ్యకుండ్రి."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత లోపలికి తిరిగి, గట్టిగా, పిల్ల పేరు పిలిచింది.